పందిరి, పంటు, అరిసెలు: గోదావరి డెల్టాలో పసిపిల్లలతో వేసవిని ఎలా అమర్చుకోవాలి

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైన నాటి నుంచి జూన్ రెండో వారంలో బడులు తిరిగి తెరిచే దాకా, చిన్నపిల్లలున్న ఇంటికి సుమారు మూడు నెలల కాలం చేతికొస్తుంది. ఈ మూడు నెలల్లో ఎక్కడెక్కడికి వెళ్లాలో ముందే రాసుకొని ఆ పట్టికలో పిల్లలను ఇరికించాలని చూస్తే, ఇంటిల్లిపాదికీ అలసటే మిగులుతుంది. మా ఇల్లు కోనసీమలో ఒక కాలువ గట్టున ఉంది. అమ్మాయికి ఐదేళ్లు, అబ్బాయికి పదకొండు నెలలు. రెండు వేసవులు తడబడిన తరువాత మాకు కుదిరిన పద్ధతి ఇది: పిల్లలు ఈ ఏడాది ఏ దశలో ఉన్నారో ముందు చూసుకోవాలి, కాలువలో నీళ్లు ఎప్పటిదాకా ఉంటాయో తరువాత తెలుసుకోవాలి, ఇంటి పనులనూ ప్రయాణాలనూ ఆ రెండింటిని బట్టి అమర్చుకోవాలి.

ముందుగా పిల్లల దశను గుర్తించండి

బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు చిలకలు అని, ఒక్కో దశకు ఒక్కో పిండివంట చేసి పంచమని మన పెద్దవాళ్లు చెప్పే వరుస ఉంది. దీన్ని ప్రాస కోసం చెప్పిన మాటగా తీసేయకండి. పిల్లల ఎదుగుదలను ఇరుగుపొరుగు అందరి కంటా పడేలా చేసే పద్ధతి అందులో ఉంది. బిడ్డ ఫలానా నెలలో ఫలానా పని చేసిందని వీధిలో పది ఇళ్లకు తెలిసినప్పుడు, ఆ పది ఇళ్లలోని అనుభవమున్న ఆడవాళ్లు కూడా ఆ బిడ్డను గమనిస్తూనే ఉంటారు. ఒక కాగితం మీద ఈ వరుస రాసి, మీ బిడ్డ ఎక్కడి దాకా వచ్చాడో, జూన్‌లోగా ఏది రావచ్చో గుర్తు పెట్టుకోండి.

ఏ నెలకు ఏది రావాలన్న విషయంలో కంగారు పడవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య, చేతులూ మోకాళ్ల మీద పాకడం 5 నుంచి 13 నెలల మధ్య, ఎవరి చేయీ పట్టుకోకుండా నడవడం 8 నుంచి 18 నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చు. కొందరు పిల్లలు పాకకుండానే లేచి నిలబడతారు. అందుచేత పక్కింటి పాప పది నెలలకే నడిచిందని మీ బాబును చేతులు పట్టి బలవంతంగా నడిపించే పని పెట్టుకోకండి. అయితే 18 నెలలు నిండినా సొంతంగా నడవకపోయినా, వచ్చిన పని ఏదైనా మానేసినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా వేసవి అయ్యాక చూద్దామని వాయిదా వేయకుండా పిల్లల వైద్యుణ్ణి కలవండి.

ఇదే కాగితం మీద టీకాల తేదీలు కూడా వేయండి. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు, దానితో విటమిన్ ‘ఎ’ చుక్కలు, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య రెండో మోతాదు ఉంటాయి. ఐదేళ్లు దాటిన పిల్లలకు కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు కలిపి వేసే బూస్టరు ఉంటుంది. టీకా వేయించిన తరువాత ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలే కాబట్టి, ఆ రెండు రోజుల్లో ఏ ప్రయాణమూ పెట్టుకోకండి.

కాలువలు కట్టేసే తేదీ తెలుసుకోండి

దాళ్వా (రబీ) పంట చేతికొచ్చే రోజుల్లో, సాధారణంగా ఏప్రిల్‌లో, మరమ్మతుల కోసం డెల్టా కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్లు వదలడం ఆపేస్తారు. మళ్లీ సార్వా (ఖరీఫ్) పంటకు జూన్‌లో వదులుతారు. తేదీని ప్రతి ఏటా జలవనరుల శాఖ ప్రకటిస్తుంది. పంచాయతీ కార్యాలయంలో గానీ, ఊళ్లో ఏ రైతునడిగినా గానీ చెబుతారు. ఆ తేదీ తెలిసిన రోజున ఇంటి పనులను రెండు భాగాలు చేయండి: నీళ్లు ఎక్కువ కావలసినవన్నీ అంతకు ముందు, మిగిలినవి ఆ తరువాత.

ముందు చేయవలసినవి మూడు. ఇంటి మీది నీళ్ల ట్యాంకును ఖాళీ చేసి, అడుగున పేరుకున్న ఒండ్రును తీసి, గోడలను కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. చలికాలపు దుప్పట్లు, బొంతలు ఉతికి ఎండలో వేసి పెట్టెలో సర్దాలి. డాబాకు సున్నం వేయాలి. మూడో పనిలో పసిపిల్లలకు ప్రమాదం ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గుల్ల సున్నాన్ని ముందు రోజు సాయంత్రం డ్రమ్ములో నానవేసేటప్పుడు నీళ్లలో సున్నం కొద్దికొద్దిగా వేయాలి గానీ, సున్నం మీద నీళ్లు పోయకూడదు. అది బుసబుసమని ఉడికి చింది, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆ డ్రమ్ము మీద మూత పెట్టి, పిల్లలు వెళ్లలేని చోట ఉంచండి. మరునాడు గుడ్డతో వడగట్టి, కొంచెం జిగురు కలిపి, ఎండ దిగాక డాబా మీద నీళ్లు చల్లి, ఒక పూత ఆరిన తరువాత మరొకటి చొప్పున రెండు మూడు పూతలు వేయండి. తెల్లని పూత ఎండను తిప్పికొట్టడం వల్ల రాత్రిపూట గదిలో సెగ తగ్గుతుంది. వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ప్రతి ఏటా వేయవలసిందే.

కాలువలు కట్టాక తాగే నీటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చెరువుల్లో నిలవ చేసిన నీటి మీద చాలా ఊళ్లు ఆధారపడతాయి. పిల్లలు తాగే నీళ్లను తెర్లేదాకా కాచి, ఒక నిమిషం అలాగే మరగనిచ్చి, చల్లార్చి, మూత ఉన్న బిందెలో పోయండి. ఆరు నెలల లోపు బిడ్డకు ఎంత ఎండలోనైనా తల్లిపాలు చాలు, నీళ్లు పట్టకూడదు. తల్లి మాత్రం మజ్జిగ, కొబ్బరినీళ్లు మామూలు కంటే ఎక్కువగా తీసుకోవాలి.

పందిరి వేయండి

వేసవిలో మీరు ఒక్క పనే చేయగలిగితే ఈ పని చేయండి. పిల్లల ఆట, మధ్యాహ్నపు నిద్ర, వచ్చిన చుట్టాలతో కబుర్లు, అరిసెల పంపకం అన్నీ పందిరి కిందే జరుగుతాయి. శ్రీరామనవమికి ఊరంతా పందిళ్లు లేస్తాయి కాబట్టి అంతకు వారం ముందే సామాను కొనిపెట్టుకోవడం మంచిది. నవమి దగ్గరపడితే బాదులు (సరుగుడు కర్రలు), ఆకులు, పనివాళ్లు మూడూ దొరకవు.

మధ్యాహ్నపు ఎండ పడమటి గోడను కాలుస్తుంది. అందుచేత పందిరిని వీలైనంత వరకు ఇంటికి పడమర వైపునో నైరుతి వైపునో వేయండి. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న పందిరికి ఆరు సరుగుడు బాదులు రాటలుగా సరిపోతాయి. ఇంటి వైపు మూడు రాటలు పదిన్నర అడుగులవి, బయటి వైపు మూడు తొమ్మిదిన్నర అడుగులవి ఉంటే, వాన పడినప్పుడు నీళ్లు బయటికి జారే వాలు వస్తుంది. ప్రతి రాటనూ రెండడుగుల లోతున పాతి, చుట్టూ ఇటుక ముక్కలు వేసి దిమ్మిస కొట్టండి. మన నేల ఒండ్రునేల కావడంతో ఊరికే మట్టి కప్పితే మొదటి గాలివానకే రాట ఒరిగిపోతుంది. భూమిలో దిగే భాగానికి తారు పూస్తే చెదలు పట్టదు.

రాటల మీద అడ్డంగా వెదుళ్లు కట్టి, వాటి మీద అడుగుకొకటి చొప్పున వెదురు బద్దలు పరిచి, కొబ్బరి తాడుతో బిగించండి. కప్పుకు తాటాకైనా, అల్లిన కొబ్బరాకు తడికలైనా వాడవచ్చు. తాటాకు ఎక్కువ కాలం ఆగుతుంది, కొబ్బరాకు మన పెరట్లోనే దొరుకుతుంది. ఏదైనా కింది అంచు నుంచి మొదలుపెట్టి, పై వరుస కింది వరుస మీదికి జానెడు వచ్చేలా పైకి కప్పుకుంటూ పోవాలి. పోయిన ఏడాది మేము తొందరలో పై నుంచి కిందికి కప్పించాము. ఏప్రిల్ చివర వచ్చిన గాలివానకు నీళ్లన్నీ ఆకుల సందుల్లోంచి ఉయ్యాల మీదికే కారాయి. కప్పు పూర్తయ్యాక పై నుంచి మరో నాలుగు వెదురు బద్దలు వేసి, కింది బద్దలతో కలిపి బిగిస్తే ఈదురుగాలికి ఆకు లేవదు.

ఎండిన ఆకుకు నిప్పురవ్వ చాలు. వేసవిలో మన ఊళ్లలో తాటాకు ఇళ్లు కాలిపోవడం చూస్తూనే ఉంటాం. పందిరికి దగ్గరలో పొయ్యి పెట్టకండి, కరెంటు తీగ కప్పుకు తగలకుండా చూడండి, ఒక మూల రెండు బిందెల నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంచండి. ఆ బిందెల మీద మూతలు కూడా ఉండాలి, ఎందుకంటే పాకే బిడ్డకు బిందెడు నీళ్లు కూడా ప్రమాదమే. ఇదే రోజున పెరట్లోని తొట్లు, కుంట, నుయ్యి చుట్టూ చూసి, మూత లేనివాటికి మూతలు చేయించండి. కొబ్బరిచెట్టు కింద ఉయ్యాల కట్టడం, చాప పరచడం మన దగ్గర చాలామంది అలవాటుగా చేస్తారు. కాయ గానీ మట్ట గానీ ఎప్పుడు రాలుతుందో తెలియదు కాబట్టి, దింపు తీయించిన (కాయలు కోయించిన) చెట్టయినా సరే, దాని కింద పిల్లలను పడుకోబెట్టకండి.

పందిరి కింద నేలను పేడతో అలికి, ఆరాక చాప వేయండి. పాకే బిడ్డకు గచ్చు కంటే ఈ నేల మెత్తగా, చల్లగా ఉంటుంది. ఐదేళ్ల పిల్లకు ఒక మూల గోదావరి ఇసుక రెండు తట్టలు పోసి ఇస్తే గంటల తరబడి ఆడుకుంటుంది. జూన్‌లో బడిలో చేరబోయే పిల్ల అయితే అక్షరాభ్యాసానికి ముందే ఆ ఇసుకలో వేలితో గీతలు, సున్నాలు గీయడం అలవాటవుతుంది. మా అమ్మాయి ‘అ’ నేర్చుకున్నది పలక మీద కాదు, ఈ ఇసుకలోనే.

ప్రయాణాలు: తెల్లవారే బయలుదేరి పది గంటలకు ఇల్లు చేరండి

మన డెల్టాలో ఎండ కంటే ఉక్క పిల్లలను ఎక్కువ బాధిస్తుంది. గాలిలో తేమ ఎక్కువ కావడం వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుచేత వేసవి ప్రయాణం ఏదైనా ఉదయం ఆరింటికల్లా మొదలై పదింటికి ముగియాలి, లేదా సాయంత్రం నాలుగున్నర దాటాక మొదలవ్వాలి. సంచిలో కాచి చల్లార్చిన నీళ్లు, ఒక గొడుగు, మెత్తని నూలు బట్టలు రెండు జతలు, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు పెట్టుకోండి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపినా పని జరుగుతుంది. బిడ్డ మగతగా ఉన్నా, ఆరేడు గంటలు మూత్రం పోయకపోయినా, ఒళ్లు కాలిపోతున్నా ఇంటి వైద్యంతో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మొదటి ప్రయాణం కాలువలు కట్టక ముందే ధవళేశ్వరానికి పెట్టుకోండి. ఐదేళ్ల పిల్లకు తన ఇంటి ముందు కాలువ ఎక్కడి నుంచి వస్తుందో చూపించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో కట్టిన ఇప్పటి బ్యారేజీ 1982లో వాడుకలోకి వచ్చింది. ఇక్కడ ఆగిన నీరు ధవళేశ్వరం దగ్గర తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టాకు మళ్లి సుమారు పది లక్షల ఎకరాలను తడుపుతుంది. ఈ అంకెలేవీ పిల్లకు చెప్పనక్కర లేదు. బ్యారేజీ మీద నిలబడి ఒకవైపు నిండుగా ఉన్న గోదావరిని, మరోవైపు ఇసుక తిన్నెలను చూపించి, తరువాత తలుపుల దగ్గర కాలువలోకి నీళ్లు దూకే చోటికి తీసుకెళ్లి, “ఈ నీళ్లే మన ఊరికి వస్తాయి” అని చెప్పండి. మే నెలలో కాలువ ఎండినప్పుడు నీళ్లు ఎక్కడికి పోయాయని పిల్ల తానే అడుగుతుంది. అక్కడే ఉన్న కాటన్ మ్యూజియంలో పాత పనిముట్లు, నమూనాలు ఉన్నాయి. మే 15 కాటన్ పుట్టినరోజు. ఆ రోజు డెల్టా ఊళ్లలో ఆయన విగ్రహాలకు రైతులు దండలు వేస్తారు, పిల్లలను మీ ఊరి విగ్రహం దగ్గరికే తీసుకెళ్లవచ్చు.

తిరుగు దారిలో కడియం నర్సరీల వద్ద ఆగండి. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి వైపు దారి పొడవునా మొక్కలే. అక్కడ ఏది చూసినా కొనాలనిపిస్తుంది గనుక, ఒక్కో బిడ్డకు ఒక్కో మొక్క అన్న హద్దు ముందే పెట్టుకోండి. పూలతో నిండిన మొక్కను కాకుండా, కొత్త చిగురు వేస్తున్నదాన్ని ఎంచుకోండి. అది నీడవల కింద పెరిగిందో ఎండలో పెరిగిందో అడగండి. మేము ఒకసారి ఏప్రిల్‌లో నీడవల కింద పెరిగిన గులాబీలు తెచ్చి, ఆ మధ్యాహ్నమే ఎండలో నాటాము. నాలుగు రోజుల్లో అన్నీ మాడిపోయాయి, అమ్మాయి రెండు రోజులు ఏడ్చింది. ఇంటికి తెచ్చిన మొక్కను వారం పాటు పందిరి నీడలోనే ఉంచి, తరువాత ఒక సాయంత్రం నాటండి. పండ్ల మొక్కలు జూన్ వానల తరువాత నాటితేనే నిలుస్తాయి. వేసవిలో పిల్లల చేత పెంచించడానికి తోటకూర మేలు. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు సమానంగా కలిపిన కుండీలో గింజలు చల్లితే నెల తిరగకుండా కోతకు వస్తుంది. ఐదేళ్ల పిల్ల తాను నీళ్లు పోసిన తోటకూరను, మెత్తగా ఉడికించి పప్పులో కలిపి తమ్ముడికి పెడుతుంటే దగ్గరుండి చూడటం ఎంతో ముచ్చటగా ఉంటుంది.

కాకినాడకు దగ్గరలోని కోరింగ మడ అడవులకు ఐదేళ్లు దాటిన పిల్లలతో వెళ్లండి. నీళ్ల మీద కట్టిన చెక్కదారి వెంట నడుస్తూ, సముద్రపు నీరు వెనక్కి తగ్గే పాటు సమయంలో బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడచెట్ల వేళ్లను, రంగురంగుల పీతలను, నేల మీద గెంతే చిన్న చేపలను చూడవచ్చు. బావురుపిల్లి, నీటికుక్క కూడా ఇక్కడ ఉన్నాయి గానీ అవి కనబడతాయని పిల్లలకు ఆశ పెట్టకండి. ఒక హెచ్చరిక మాత్రం తప్పక చేయాలి: ఇక్కడి తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట, చూపుకు ప్రమాదం. ఏ ఆకూ తుంచకూడదని లోపలికి వెళ్లే ముందే చెప్పండి. పాకే బిడ్డను చెక్కదారి మీద దించకుండా ఎత్తుకునే నడవాలి. ఎండ ఎక్కితే నీడ ఉన్నా ఉక్క భరించలేము.

మనుషులనూ బండ్లనూ ఏరు దాటించే పంటు ఎక్కడం పిల్లలకు పండగ. నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి గోదావరి పాయ అయిన వశిష్ఠను దాటి, అక్కడి నుంచి అంతర్వేది వెళ్లి లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకుని, నది సముద్రంలో కలిసే చోటైన అన్నాచెల్లెళ్ల గట్టు చూసి రావచ్చు. పుట్టువెంట్రుకల మొక్కు ఉన్నవాళ్లు ఈ ప్రయాణంతోనే అదీ తీర్చుకోవచ్చు. పంటు మీద బిడ్డ మీ చేతికందేంత దూరంలోనే ఉండాలి, బండి మీద కూర్చోబెట్టి వదలకూడదు. ఇంతమంది ఎక్కాక ఇక చోటు చాలదనిపిస్తే తరువాతి పంటు కోసం ఆగండి. సంగమం దగ్గర నీళ్లు ప్రశాంతంగా కనిపించినా లోపల లాగుడు ఎక్కువ. గోదావరి లంకల్లో ఇసుక తవ్విన చోట పైకి తెలియని గుంతలుంటాయి. కాళ్లు తడుపుకోవడానికైనా తెలిసిన రేవులోనే దిగండి.

గుళ్ల విషయం క్లుప్తంగా చెబుతాను. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి రెండంతస్తుల గర్భాలయం, ర్యాలిలో ముందు విష్ణువుగానూ వెనుక మోహినిగానూ ఒకే శిలలో మలిచిన విగ్రహం పిల్లలకు బాగా గుర్తుండిపోతాయి. ఎనిమిదింటి తరువాత ప్రదక్షిణ చేసే రాతి పరుపు కాలడం మొదలవుతుంది, పిల్లల పాదాలు మనకంటే ముందు బొబ్బలెక్కుతాయి. దర్శనం ఆరు, ఏడు గంటల మధ్య ముగించుకుంటే సరిపోతుంది.

ముంజలు, మామిడిపండ్లు పిల్లలకు ఎలా పెట్టాలి

రెండేళ్ల లోపు బిడ్డకు తాటిముంజను ముక్కగా ఇవ్వకండి. అది జారి గొంతుకు అడ్డం పడుతుంది. తొక్క తీసి, మెత్తగా నలిపి, చెంచాతో పెట్టండి. మామిడిపండును ముచ్చిక కోసి, సొన కారనిచ్చి, అరగంట నీళ్లలో వేసి, కడిగాక పెడితే మూతి చుట్టూ పొక్కులు రావు. పెద్ద పిల్లలకు రసాలు ఇచ్చేయవచ్చు, కాకపోతే ఆ రోజు చొక్కా వేయకపోవడమే తెలివైన పని. పసివాళ్లకు బంగినపల్లి ముక్కను చిదిమి రెండు చెంచాలతో మొదలుపెట్టండి. ఏడాది నిండేవరకు తేనె నాకించకూడదు, పెద్దవాళ్లు ఎంత ప్రేమగా చెప్పినా సరే.

అడుగులేస్తే అరిసెలు: ఆ రోజు ఏం చేయాలి

బిడ్డ మొదటి అడుగు ఎప్పుడు వేస్తాడో తెలియదు. అందుచేత బియ్యం, బెల్లం, నువ్వులు ఇంట్లో ఉంచుకుని, ఎవరి చేయీ పట్టకుండా నాలుగైదు అడుగులు వేశాడని ఇద్దరు ముగ్గురు చూశాక పని మొదలుపెట్టండి.

కిలో బియ్యాన్ని ఒక రోజంతా నానబెట్టండి. వేసవిలో నీళ్లు త్వరగా పులుస్తాయి కాబట్టి ఉదయం, సాయంత్రం, రాత్రి మూడుసార్లు నీళ్లు మార్చాలి. మరునాడు వడేసి, పలుచని గుడ్డ మీద నీడలో కాసేపు ఆరబోసి, చేత్తో పట్టుకుంటే చెమ్మ తగులుతుండగానే పిండి కొట్టించి జల్లించండి. పిండి పూర్తిగా ఆరితే అరిసె గట్టిగా వస్తుంది, అందుకే జల్లించిన పిండిని గిన్నెలో అదిమి మూత పెట్టాలి. ముప్పావు కిలో బెల్లాన్ని గ్లాసుడు నీళ్లతో కరిగించి, వడగట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టండి. పాకం చుక్కను చల్లని నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య మెత్తని ఉండలా రావాలి. అంతకు ముందే దించితే అరిసె నూనెలో విరిగిపోతుంది, దాటిపోతే రాయి అవుతుంది. పాకం అందగానే మంట తీసి, నెయ్యి రెండు చెంచాలు, నువ్వులు వేసి, పిండిని కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా కలపాలి. ఒకరు పోయడం, మరొకరు తిప్పడం తప్పనిసరి. మా ఇంట్లో తిప్పే పని మా ఆయనది, పాకం చూసే పని మా అత్తగారిది. ఆవిడ చెంచా ఎత్తి పాకం జారే తీరు చూసి చెప్పే మాట నీళ్ల పరీక్ష కంటే నిక్కచ్చిగా ఉంటుంది. చలిమిడి గోరువెచ్చగా ఉండగా, నెయ్యి రాసిన అరిటాకు మీద చిన్నవిగా తట్టి, మధ్యస్థమైన మంట మీద వేయించి, చెక్కల మధ్య నొక్కి నూనె తీయండి. వేయించేటప్పుడు పిల్లలు వంటింటి గడప అవతలే ఉండాలి.

పూర్తిగా చల్లారిన అరిసెలను పందిరి కింద శుభ్రమైన బట్ట మీద వరుసగా పేర్చి, బిడ్డ చేత వాటి మీద అడుగులు వేయిస్తారు. ఆ వరుస చివర ఎవరు కూర్చుంటారన్నది ముందే తేల్చుకోండి. బిడ్డ తనకు బాగా అలవాటైన మనిషి వైపే నడుస్తాడు, అది తాతయ్య అయితే తాతయ్యనే కూర్చోబెట్టండి. వీధిలో పంచడానికి వేరే పళ్లెంలో ఉంచినవి తీసుకుని పెద్దపిల్ల చేత పంపించండి. తమ్ముడి కబురు తానే ఇంటింటికీ చెప్పడం వల్ల ఆ రోజు ఆమెకూ పెద్దరికం వస్తుంది. బిడ్డకు మాత్రం అరిసె నోట్లో పెట్టకండి. రెండేళ్లు నిండేవరకు బెల్లం, పంచదార తినిపించకపోవడమే మంచిదని పిల్లల వైద్యులు చెబుతారు. మెత్తని చక్కెరకేళి అరటిపండు చిదిమి పెట్టండి.

ఆ సాయంత్రమే తేదీ వేసి కాగితం మీద రాసుకోండి: ఎవరి వైపు నడిచాడు, ఎన్ని అడుగులు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు. ఫొటోలు ఫోనుతో పాటు పోతాయి, మాకు ఒకసారి అలాగే పోయాయి.

జూన్‌లో పందిరి విప్పేటప్పుడు

రుతుపవనాలు పట్టకముందే, జూన్ మొదటి వారంలో పందిరి విప్పండి. తడిసిన ఆకు కింద తేళ్లు, జెర్రులు చేరతాయి కాబట్టి కర్రతో తట్టి తీయాలి, పిల్లలను దూరంగా ఉంచాలి. ఆకు కొబ్బరి పాదుల్లో మట్టి ఎండకుండా పరిచే మల్చింగుగా పనికొస్తుంది, వెదుళ్లు అటక మీదికి పోతాయి.

ఒక రాటను మాత్రం పెకలించే ముందు నేల మట్టం దగ్గర గాటు పెట్టి గుర్తించండి. పిల్లలను చెప్పులు లేకుండా, మడమలు రాటకు ఆనేలా నిలబెట్టి, తల మీద అట్ట అడ్డంగా పెట్టి, అక్కడ చాకుతో సన్నని గీత గీసి పక్కన పేరు, సంవత్సరం చెక్కండి. రెండేళ్ల లోపు బిడ్డను నిలబెట్టి కొలిస్తే సరిగా రాదు కాబట్టి, చాప మీద పడుకోబెట్టి తాడుతో కొలిచి, ఆ తాడు కొలతను రాట మీదికి మార్చండి. ఆ రాటను నిప్పుల్లోకి పోనీయకుండా అటక మీద విడిగా కట్టి ఉంచండి. వచ్చే మార్చిలో అదే గాటు దాకా మళ్లీ పాతితే, మొదటి రోజే పిల్లలను దాని పక్కన నిలబెట్టి చూడవచ్చు. మా అమ్మాయి గీతలు మూడయ్యాయి. అబ్బాయి మొదటి గీత ఈ జూన్‌లో, కాలువలోకి నీళ్లు వదిలే వారంలో గీయబోతున్నాము.